ఓక్ జేపిల్ పక్క విసురు

బూసాన్ జగల్చీ చేపల సంతలో నోరున్న ఆడవాళ్ళు నాలుగు వందల మంది ఉంటారు. వాళ్ళందర్నీ తక్కెడలో ఒక పక్కన కూర్చోబెట్టి రెండో పక్కన చా మల్సున్ ఒక్కతినే కూర్చోబెట్టినా ముల్లు ఆవిడ వైపే మొగ్గుతుంది. ఆవిడ "గోమ్‌జాంగో!" అని ఒక్క కేకేస్తే రేవులో లంగరేసిన పడవలు కూడా ఊగుతాయని, ఒకసారి జపాన్ వెళ్ళే ఓడ ఆ కేకనే కూత అనుకుని అరగంట ముందే బయల్దేరిపోయిందని సంతలో చెప్పుకుంటారు. ఓడ సంగతేమో గానీ కేక మాత్రం నిజం.

గోమ్‌జాంగో అంటే పాములా మెలికలు తిరిగే చేప. తోలు వలిచినా చావదు. మిరపముద్ద పట్టించి నిప్పుల మీద వేసినా కాసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. మల్సున్ నలభై ఏళ్ళుగా వాటి తోలు వలుస్తూ బతికింది. ఆవిడ కన్న ఒక్కగానొక్క కొడుకు ఓక్ జేపిల్ కూడా అచ్చం ఆ జాతే. బేస్‌బాల్ లోకం అతని తోలు ఆరుసార్లు వలిచింది. అయినా కొట్టుకుంటూనే ఉన్నాడు.

జేపిల్ ఎడమచేతి పిచర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడు. పదిహేడేళ్ళలో ఆరు జట్లు మారాడు. ఇంచోన్ వాళ్ళు మూడేళ్ళు బెంచీ మీద కూర్చోబెట్టి సోల్ వాళ్ళకి ఇచ్చేశారు. సోల్ వాళ్ళు అతన్ని దేజోన్‌కి ఇచ్చి, బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే ఒక క్యాచర్‌ని తెచ్చుకున్నారు. తీరా వచ్చాక ఆ క్యాచర్‌కి మోకాలు సరిగా లేదని తెలిసింది. అయినా సరే లాభం మాదే అన్నారట. మధ్యలో రెండేళ్ళు సైన్యంలో ఉన్నాడు, ఏడాది పాటు భుజానికి కోత పెట్టించుకుని మంచం మీద ఉన్నాడు. తర్వాత గ్వాంగ్జు, ఆ తర్వాత సోల్‌లోనే ఇంకో జట్టు, చివరికి సువోన్. పాత చొక్కాలన్నీ మూట కట్టి ఇంటికి పంపిస్తే మల్సున్ వాటిని ముక్కలు చేసి దుకాణంలో చేతులు తుడుచుకోడానికి వేలాడదీసింది.

"కావలసిన ఊరితో తుడుచుకోండి. మా వోడు దేశం మొత్తం తిరిగొచ్చాడు" అనేది తినడానికి వచ్చినవాళ్ళతో.

ఒకసారి ఆవిడే కొడుక్కి సలహా ఇచ్చింది. "ఒరే జేపిలా, పేర్లు పెట్టే ముసలాయన దగ్గరికెళ్ళి పేరు మార్చుకోరా. ఎంతమంది ఆటగాళ్ళు మార్చుకోట్లేదు? దశ తిరుగుద్దంట."

"చొక్కా ఆరుసార్లు మార్చేనమ్మా. పేరు కూడా మార్చేస్తే పొద్దున్నే అద్దంలో ఎవరొచ్చారోనని తలుపు తీస్తాను" అన్నాడతను.

అన్నాడు గానీ కడుపులో మాత్రం నిప్పు ఉంది. ఎందుకంటే ఈ ఆటలో మ్యాచ్ ఎవరు గెలిచినా, ఆ గెలుపుని ఒకే ఒక్క పిచర్ పేరున రాస్తారు. అతను బరిలో ఉన్న వేళ జట్టు ముందుకి పోయి, ఆ ముందంజ చివరిదాకా నిలిస్తే గెలుపు అతని ఖాతాలో పడుతుంది. అలా ఒక్కటి పడితే చాలు, జన్మంతా చెప్పుకోవచ్చు. జేపిల్ పెద్ద లీగులో మూడు వందల పన్నెండు మ్యాచ్‌ల్లో దిగాడు. ఓటములు ఇరవై మూడు. గెలుపులు సున్నా.

కొరియాలో ఏ తల్లి ఫోన్ చేసినా ముందు "అన్నం తిన్నావా?" అని అడుగుతుంది. మల్సున్ మాత్రం పదిహేడేళ్ళుగా ఒకే మాట అడిగేది. "గెలిచావా?"

"లేదమ్మా."

"సర్లే. తిను."

అంతే. ఫోన్ పెట్టేసేది.

ఇక అతని బంతి సంగతి. ఆ బంతి చేయి వదిలాక బ్యాటర్‌ని చేరేలోపు ఒక సిగరెట్ కాల్చుకోవచ్చని గ్వాంగ్జులో అనేవారు. మరి అంత నిదానం మనిషిని పదిహేడేళ్ళు ఎవరు మేపారు, ఎందుకు మేపారు అంటే, అతని దగ్గర ఒక్క విద్య ఉంది. పక్క విసురు. బ్యాటర్‌కి వెయ్యబోయేవాడల్లా చటుక్కున, రన్నర్ ఆగే తొలి మజిలీ అయిన మొదటి బేస్‌కి విసిరేస్తాడు. రెండో బేస్ దొంగిలిద్దామని, అంటే బంతి కొట్టకముందే అక్కడికి పరిగెత్తుదామని, మొదటి బేస్ మీది రన్నర్ రెండడుగులు ముందుకి జరిగి ఉంటాడు కదా, వాడు వెనక్కి దూకేలోపు బంతి వాడికంటే ముందు చేరాలి. చేరిందా, వాడు అవుట్. ఈ విద్య అతనికి ఏ గురువూ నేర్పలేదు. చిన్నప్పుడు అమ్మ దుకాణం ముందు కూర్చుని చేపల తొట్టి కాస్తుంటే సముద్రపు కాకులు వచ్చి ఎత్తుకుపోయేవి. అటు చూస్తే ఎగిరిపోతాయి. అందుకని ఇటు చూస్తూ అటు మంచుముక్క విసరడం అలవాటు చేసుకున్నాడు. పదేళ్ళ వయసుకి జగల్చీలో కుంటని సముద్రపు కాకి లేదు.

అయితే ఈ విద్య జనానికి పడదు. జనం టిక్కెట్టు కొనుక్కుని వచ్చేది బంతి కొడితే చూద్దామని, పక్కకి విసిరితే చూద్దామని కాదు. ఒకసారి విసిరితే ఊరుకుంటారు, రెండోసారి గొణుగుతారు, మూడోసారి మొదలెడతారు. గ్వాంగ్జులో "ఓలమ్మో, తెల్లారిపోద్దిరా నాయనా!" అని రాగం తీస్తారు. దేజోన్ జనం నెమ్మదస్తులు, వాళ్ళు "ఇహ వెయ్యి బాబూ" అని బతిమాలతారు. బూసాన్‌లో మాత్రం రాగాలూ లేవు, బతిమాలడాలూ లేవు. మొదటి విసురుకే పాతిక వేల మంది ఒక్క గొంతుతో "ఒరేయ్!" అంటారు. వరసగా మూడుసార్లు. "ఒరేయ్! ఒరేయ్! ఒరేయ్!" కొత్త పిచర్లు ఆ అరుపుకి బంతి ఎటు వెయ్యాలో మర్చిపోతారు. ఒక కుర్రాడు బంతి అక్కడే పారేసి క్షమించమని వంగి దణ్ణం పెట్టాడంటారు.

జేపిల్‌కి ఆ అరుపు ఉగ్గుపాలతో అబ్బింది. వాళ్ళమ్మ ఒడిలో కూర్చుని తనూ అరిచినవాడే. మల్సున్‌కి బూసాన్ జట్టంటే మొగుడికంటే ఎక్కువ. మొగుడు పోయిన నాడు కూడా సాయంత్రం స్కోరు కనుక్కుంది. మొదటి బేస్ వెనక, మూడో వరసలో, ఆవిడ చోట వేరేవాళ్ళు కూర్చోరు. కొడుకుని మాత్రం ఆ జట్టు ఒక్కసారీ తీసుకోలేదు. ఆరు జట్లు తిరిగాడు గానీ సొంతూరు పిలవలేదు. కొడుకు ఎప్పుడు ఎదుటి జట్టు తరఫున వచ్చినా ఆవిడ జంకలేదు, అందరికంటే ముందు తనే అరిచేది.

"పిన్నీ, వాడు నీ కొడుకే గదా!" అని పక్కనున్నవాళ్ళు నవ్వితే,

"కొడుకైతే? ఇంట్లో కొడుకు. ఇక్కడ అవతలోడు" అనేది.

ఆ ఏడు సెప్టెంబరులో సువోన్ జట్టు మంగళ, బుధ, గురువారాలు మూడు మ్యాచ్‌లకి బూసాన్ వచ్చింది. బస్సులో మేనేజర్ ప్యో ముందు సీటు నుంచి లేచి వెనక్కి నడిచి వచ్చాడు. ప్యో పొట్టి మనిషి. కోపం వస్తే ఇంకా పొట్టిగా అయిపోయేవాడు, మెడ భుజాల్లోకి దిగిపోయి. అతను వెనక సీటు దాకా వచ్చాడంటే ఎవరి నెత్తినో పిడుగు పడ్డట్టే.

"జేపిల్, నీకు ముప్ఫై ఆరు గదా?"

"అవును సార్."

"గురువారం తర్వాత నీ పేరు తీసేస్తున్నాను. రెండో జట్టుకి కూడా కాదు, మొత్తానికే. పైవాళ్ళు చెప్పమన్నారు. నీకు సొంతూళ్ళో దిగిపోయే వీలుంటుందని ఇక్కడే చెబుతున్నా."

జేపిల్ కిటికీలోంచి బయటికి చూశాడు. "మూడు రోజుల్లో ఒక్కసారన్నా దింపండి సార్. ఒక్క గెలుపు."

"గెలుపంటే అంగట్లో ముల్లంగి కాదు, అడగ్గానే ఇవ్వడానికి." ప్యో వేలు చూపించాడు. "ఇంకో మాట. పొరపాట్న దింపాల్సి వచ్చినా ఆ దిక్కుమాలిన పక్క విసురు విసిరావో, అట్నుంచి అటే ఇంటికి పో. మొన్న నీ మూలాన మ్యాచ్ నాలుగు గంటలు సాగింది. నా పెళ్ళాం నేనింకెక్కడో తిరుగుతున్నాననుకుంది."

బస్సంతా నవ్వింది. జేపిల్ కూడా నవ్వాడు. ఆరు జట్లు తిరిగినవాడికి ఎక్కడ నవ్వాలో తెలుసు.

మంగళవారం దింపలేదు. బుధవారం ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా దింపలేదు. కానీ బుధవారం మ్యాచ్ సామాన్యమైన మ్యాచ్ కాదు. ఇటు అయిదు, అటు అయిదు. ప్యో దగ్గరున్న పిచర్లు ఒక్కొక్కరే దిగి, తన్నులు తిని, తువ్వాళ్ళు కప్పుకుని కూర్చున్నారు. జనం కమలారంగు చెత్త సంచుల్లో గాలి నింపి నెత్తిన కట్టుకున్నారు. స్టేడియం మొత్తం కమలాపళ్ళ బుట్టలా ఉంది. ఎండు స్క్విడ్ కాల్చిన వాసన, వేయించిన కోడి వాసన, సోజు సారా వాసన. మల్సున్ తలకి అందరికంటే పెద్ద సంచి ఉంది.

తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఎనిమిదోదాని కింది సగం, అంటే సొంతూరి జట్టు కొట్టే వంతు. బూసాన్ బ్యాటింగ్. ఇద్దరు అవుటయ్యారు, మూడోవాడు కూడా అయితే వంతు అయిపోతుంది. మూడో బేస్ మీద ఒక రన్నర్ ఉన్నాడు, వాడు ఇంటికి, అంటే బ్యాటర్ నిలబడే చోటికి, తిరిగొస్తే ఒక పరుగుతో బూసాన్ ముందుకి పోతుంది. మొదటి బేస్ మీద బాన్ డోయంగ్. ఆ ఏడు బేస్ దొంగల్లో మొదటివాడు. ఎంత దొంగంటే, వాళ్ళింట్లో పిల్లి కూడా వాడికి కనపడకుండా చేప దాచుకునేదట. వచ్చే బ్యాటర్ ఎడమచేతివాడు. ఎడమచేతి బ్యాటర్‌కి ఎడమచేతి పిచర్ కావాలి. ప్యో బెంచీ వైపు చూశాడు. ఎడమచెయ్యి ఒక్కటే మిగిలింది.

"నీ ఖర్మో నా ఖర్మో, పో" అన్నాడు ప్యో. పిచర్ నిలబడే దిబ్బ దాకా తనే నడిచొచ్చి బంతి చేతిలో పెట్టాడు. "విను. మూడో బేస్ మీద మనిషున్నాడు. నువ్వు పక్కకి విసిరి ఆ బంతి జారిందా, వాడు ఇంటికొచ్చేస్తాడు, మనం పోయాం. చెయ్యి అడ్డదిడ్డంగా కదిలి అంపైర్ తప్పు పట్టినా అంతే. కాబట్టి బ్యాటర్‌ని చూడు, బ్యాటర్‌కే వెయ్యి. మొదటి బేస్ అనేది ఈ లోకంలో లేదనుకో. అర్థమైందా?"

"అర్థమైంది సార్."

"ఏం అర్థమైంది?"

"మొదటి బేస్ లేదు సార్."

ఎడమచేతి పిచర్ దిబ్బెక్కి నిలబడితే మొహం తిన్నగా మొదటి బేస్ వైపే ఉంటుంది. జేపిల్ తలెత్తాడు. లేదనుకోమన్న బేస్ ఎదురుగా ఉంది. దాని మీద బాన్ ఉన్నాడు. బాన్ వెనక మూడో వరసలో, నెత్తిన కమలారంగు సంచితో, అమ్మ ఉంది.

బాన్ నవ్వుతూ బేస్ వదిలి బయటికొచ్చాడు. ఒకడుగు, రెండు, మూడు, మూడున్నర. కావాలనే రెచ్చగొడుతున్నాడు. అటు విసిరితే మూడో బేస్ వాడు పరిగెడదామని కాచుకుని ఉన్నాడు. అది పాత ఎత్తు. సంతలో ఒక సముద్రపు కాకి ముందుకొచ్చి గెంతులేస్తే రెండోది వెనకనుంచి ఎత్తుకుపోతుంది.

జేపిల్ మేనేజర్ మాట గుర్తు తెచ్చుకున్నాడు. ఒక్క క్షణం గుర్తుంచుకున్నాడు. తర్వాత పక్కకి విసిరాడు.

బాన్ హాయిగా వెనక్కొచ్చాడు. పాతిక వేల గొంతులు లేచాయి. "ఒరేయ్! ఒరేయ్! ఒరేయ్!"

బెంచీలోంచి ప్యో కేక అంతకంటే పైన వినిపించింది. "ఒరేయ్!" అనే అన్నాడు ఆయన కూడా.

బంతి వెనక్కొచ్చింది. జేపిల్ మళ్ళీ విసిరాడు. మళ్ళీ అరుపు. క్యాచర్ పరిగెత్తుకొచ్చాడు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, మొహం పాలిపోయి ఉంది.

"అన్నా, నీకు దణ్ణం పెడతా. మేనేజర్ హెల్మెట్ నేలకేసి కొట్టేడు. ముక్కలైపోయింది. నాకియ్యి బంతి, ఒక్కటి నా వైపు వెయ్యి."

"వేస్తాలే. నువ్వెళ్ళి కూర్చో."

"ఒట్టు?"

"ఒట్టు. ఎప్పుడని మాత్రం అడక్కు."

మూడో విసురు. ఈసారి జనం మూడు ఒరేయ్‌లతో ఆగలేదు. నాలుగు, అయిదు, ఆరు. మల్సున్ బెంచీ మీదికెక్కి నిలబడింది. "ఒరేయ్ జేపిలా! నిన్ను కన్నది ఇందుకట్రా! వెయ్యరా బంతి, ముదనష్టపోడా!" చుట్టూ ఉన్న నాలుగు వరసలు నవ్వలేక చస్తున్నాయి. స్టేడియంలో ఎవరికి ఏది చెప్పినా వినపడటం లేదు. పక్కవాడి నోరు కదులుతోంది, అంతే.

అప్పుడు జేపిల్ ఒకటి కనిపెట్టాడు.

మొదటి బేస్ పక్కన బూసాన్ జట్టు కోచ్ ఒకడు నిలబడి ఉంటాడు. రన్నర్‌కి వాడే కళ్ళు. పిచర్ ఇటు తిరిగాడో లేదో "వెనక్కి!" అని కేకేస్తాడు. రన్నర్ ఆ కేక విని దూకుతాడు. బాన్ ఎంత మేటి దొంగైనా పిచర్ కాలు చూసి దూకడు, కోచ్ గొంతు విని దూకుతాడు. పాత అలవాటు. మరి ఇప్పుడు ఆ కోచ్ నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, మెడ నరాలు తాళ్ళలా లేస్తున్నాయి. శబ్దం మాత్రం రావడం లేదు. వస్తోంది, కానీ పాతిక వేల "ఒరేయ్"ల కింద నలిగిపోతోంది. వీళ్ళ దొంగకి వీళ్ళే చెవులు మూసేశారు.

ఇది అర్థం కావాలంటే బయటివాడి వల్ల కాదు. ఆ అరుపులో పుట్టి పెరిగినవాడికే తెలుస్తుంది, మూడో ఒరేయ్ దగ్గర ఊపిరి తీసుకుంటారని, ఆరు దాటితే ఇక ఊపిరి కూడా తీసుకోరని.

నాలుగోసారి విసిరాడు. మెల్లగా, ముసలమ్మకి బత్తాయి అందించినట్టు. బాన్ నడుచుకుంటూ వెనక్కొచ్చాడు, జనం వైపు చూసి రెండు చేతులూ పైకెత్తి ఇంకా అరవమన్నాడు. జనానికి అంతకంటే ఏం కావాలి? స్టేడియం కప్పు లేదు గాబట్టి సరిపోయింది, ఉంటే లేచిపోయేది. రేవులో ఓడలు కూతలేసి జవాబిచ్చాయని తర్వాత కొందరు ప్రమాణం చేశారు.

మొదటి బేస్ కాస్తున్న మేంగ్ తేసిక్ బంతిని తిరిగి విసిరాడు. మేంగ్ ఎద్దులాంటి మనిషి, ఎప్పుడూ నిద్రమొహమే. కానీ జేపిల్ ఉన్నాడంటే తొడుగున్న చెయ్యి కిందికి దించడు. ఒకసారి దించితే బంతొచ్చి చెవికి తగిలింది.

జేపిల్ బంతి అందుకున్నాడు. దిబ్బ మీద కాలు పెట్టాడు. రెండు చేతులూ రొమ్ము దగ్గరికి తెచ్చి ఒక్క లిప్త ఆగాడు. జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు. బాన్ మూడున్నర అడుగులు కాదు, నాలుగు బయటికొచ్చాడు. తల బ్యాటర్ వైపు తిప్పి ఉంది. జేపిల్ కూడా బ్యాటర్ వైపే చూశాడు. తొట్టి వైపు చూడకుండా కాకి మీదికి విసిరినట్టు విసిరాడు.

కోచ్ అరిచాడు. నోరు గుహలా తెరిచి అరిచాడు. బాన్‌కి వినపడింది తన ఊరి జనం అరుపొక్కటే.

బంతి మేంగ్ తొడుగులో పడ్డాక గానీ బాన్ తిరిగి చూసి వెనక్కి దూకలేదు. తన చేతికీ బేస్‌కీ మధ్య మేంగ్ పడుకుని ఉన్నాడు, నిజంగా నిద్రపోతున్నవాడిలా, తొడుగు బాన్ ముంజేతికి ఆనించి. అంపైర్ పిడికిలి బిగించి గాల్లోకి ఒక గుద్దు గుద్దాడు. అవుట్.

మూడో అవుట్. ఇన్నింగ్స్ అయిపోయింది. మూడో బేస్ వాడు అక్కడే నిలబడిపోయాడు, బస్సు తప్పిపోయినవాడిలా.

పాతిక వేల మంది నోళ్ళు తెరిచినవి తెరిచినట్టే ఉండిపోయాయి. ఏడో ఒరేయ్ సగంలో ఆగింది. ఆ సగం ఇంకా ఆ స్టేడియంలో తిరుగుతోందంటారు.

జేపిల్ బెంచీకి వచ్చాడు. ప్యో తిట్టడానికని ఎదురొచ్చాడు. చేతులు ఊపాడు, కూర్చున్నాడు, లేచాడు, విరిగిన హెల్మెట్ ముక్క ఏరి జేబులో వేసుకున్నాడు. కట్లు కట్టే మనిషి అలవాటు కొద్దీ మంచు సంచితో పరిగెత్తుకొచ్చి జేపిల్ భుజం మీద పెట్టబోయి ఆగిపోయాడు.

"అన్నా, నువ్వు బ్యాటర్‌కి ఎన్ని వేశావు?"

"సున్నా."

"మరి ఎక్కడ పెట్టను దీన్ని?"

"మేనేజర్ గారి నెత్తిన పెట్టు" అన్నాడు మేంగ్ బ్యాట్ తీసుకుంటూ.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మొదట దిగింది మేంగే. కొట్టిన బంతి ఎత్తుగా లేచి, గోడ మీద పడి, ఏ పక్కకి దిగుదామా అని కాసేపు ఆలోచించి, అవతలికి దిగింది. సువోన్ ఆరు, బూసాన్ అయిదు. ఆ లెక్క ప్రకారం, జట్టు ముందుకి పోయిన వేళ లెక్కల పుస్తకంలో సువోన్ పిచర్‌గా ఉన్నది జేపిల్. ఇక కింది సగం ఒక్కటి నిలబెట్టుకోవాలి.

దాన్ని నిలబెట్టడానికి ఇరవై మూడేళ్ళ కుర్రాడు దిగాడు, చివరి ఇన్నింగ్స్ కోసమే పెంచుతున్నవాడు. జేపిల్ బెంచీలో నిలబడలేక నీళ్ళ పీపా వెనక నక్కాడు. మొదటివాడు అవుట్. రెండోవాడు కొట్టాడు, రెండో బేస్ చేరాడు. జేపిల్ పీపాని కౌగలించుకున్నాడు. పదిహేడేళ్ళలో ఇంత దగ్గరికి మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ చివరి ఇన్నింగ్స్‌లోనే జారిపోయింది. మూడోవాడు అవుట్. నాలుగోవాడు కొట్టిన బంతి ఎడమ గోడ దాకా వెళ్ళింది. ఫీల్డర్ వెనక్కి, వెనక్కి, ఇంకా వెనక్కి పోయి, వీపు గోడకి ఆనించి అందుకున్నాడు.

అయిపోయింది. సువోన్ గెలిచింది.

కానీ జేపిల్ గెలిచాడా? అదింకా తేలలేదు. లెక్కలు రాసే ముసలాయన తన గాజుగదిలోంచి బయటికి రావడం లేదు. ఒక్క బంతి కూడా వెయ్యనివాడికి గెలుపు ఎలా రాయాలి? ఆయన రూల్ పుస్తకం తిరగేశాడు, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ తిరగేశాడు. కుర్ర గుమాస్తా ఆ గెలుపు చివర్న వేసిన పిల్లాడికి రాసెయ్యమన్నాడట. ముసలాయన వాణ్ణి తలమీద పుస్తకంతో కొట్టాడట. పావుగంట గడిచింది. ఆటగాళ్ళు సంచులు సర్దుకోకుండా నిలబడ్డారు. ఓడిన ఊరి జనం కూడా కదలలేదు. ఇంటికెళ్ళాక ఏం చెప్పుకోవాలో తెలియాలి కదా.

మైకు గరగరలాడింది. ఆ ప్రకటన చేసే అమ్మాయి గొంతు సవరించుకుంది.

"గెలుపు పొందిన పిచర్... సువోన్, ఓక్ జేపిల్. వేసిన బంతులు, సున్నా."

అప్పుడు నవ్వారు చూడండి. ముందు ఒక మూల మొదలైంది, తర్వాత స్టేడియమంతా. ఓడిపోయి అంత నవ్విన ఊరు ఇంకోటి లేదు. ఒక తాగుబోతు పెద్దాయన కమలా సంచి ఊడదీసి గాల్లో ఊపుతూ, "ఓడింది మనమే, గెలిచిందీ మనోడే! తాగడానికి ఒకటికి రెండు కారణాలు!" అని అరిచాడు. జట్టువాళ్ళు జేపిల్ నెత్తిన మూడు పీపాల నీళ్ళు గుమ్మరించారు. అతను ఆ నీళ్ళలో నిలబడి ఏడ్చాడని కొందరంటారు. మేంగ్ మాత్రం "నీళ్ళలో ఏడిస్తే ఎవడికి తెలుసు, అందుకే పోశాం" అనేవాడు.

పత్రికలవాళ్ళు ప్యోని చుట్టుముట్టారు. "మూడో బేస్ మీద మనిషుండగా అంత సాహసం ఎలా చేయించారు?"

ప్యో మెడ భుజాల్లోంచి నాలుగంగుళాలు పైకొచ్చింది. "నేను చెప్పినట్టే చేశాడు" అన్నాడు. తర్వాత జేపిల్ పక్కనుంచి పోతూ, అటు చూడకుండా, "శుక్రవారం బస్సులో వెనక సీటు నీదే. వచ్చే ఏడు కూడా. పైవాళ్ళతో నేను చూసుకుంటాను" అని గొణిగాడు.

జేపిల్ బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని ఫోన్ చేశాడు. అవతల ఎత్తారు.

"అమ్మా?"

"..."

"అమ్మా, అడగవేం?"

గరగరమని ఒక గొంతు వచ్చింది, పాత ఇనప తలుపు తీసినట్టు. "ఏటడగాలి. గొంతు పోయింది."

"గెలిచేనమ్మా."

"నువ్వేటి గెలిచేది. నేనరిచేను గాబట్టి ఆ బాన్‌గాడికి ఇనపళ్ళేదు. సగం నాది." ముక్కు చీదిన చప్పుడైంది. "తిన్నావా?"

మర్నాడు గురువారం. బూసాన్ చరిత్రలో అలాంటి రోజు అంతకు ముందు లేదు. ఆరో ఇన్నింగ్స్‌లో బూసాన్ రన్నర్ ఒకడు మొదటి బేస్ మీద ఉండగా ప్యో జేపిల్‌ని దింపాడు. ఈసారి ఏ ఆజ్ఞా ఇవ్వలేదు, బంతి చేతిలో పెట్టి వీపు తట్టాడు. అరుపులు నడిపించే కుర్రాడు వేదిక మీద నిలబడి జనం వైపు తిరిగి, పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. పాతిక వేల మంది పెదాల మీద వేళ్ళు పెట్టుకున్నారు. చంటిపిల్లల నోళ్ళలో కోడిముక్కలు కుక్కారు.

జేపిల్ పక్కకి విసిరాడు.

చీమ చిటుక్కుమనలేదు. కోచ్ "వెనక్కి!" అంటే ఊరవతల కొండదాకా వినపడింది. రన్నర్ బేస్‌ని కరుచుకుని పడుకున్నాడు, లేస్తే ఒట్టు. ఏ పిచర్‌కీ లొంగని ఊరు ముప్ఫై ఆరేళ్ళ పాతసరుకు ముందు నోరు మూసుకుని బుద్ధిగా కూర్చుంది. జేపిల్ ఆ నిశ్శబ్దాన్ని కాసేపు విన్నాడు. పదిహేడేళ్ళలో అతని కోసం ఏ స్టేడియమూ ఏమీ చెయ్యలేదు. ఛాతీ ఒక అంగుళం పెరిగి చొక్కా గుండీ బిగుసుకుంది. ఇంకోసారి విసిరాడు, అవసరం లేకపోయినా, ఆ నిశ్శబ్దం మళ్ళీ వినడానికి.

మొదటి బేస్ వెనక మూడో వరసలో బొంగురు గొంతు ఒకటి లేచింది. "ఒరే..."

నాలుగు చేతులు ఒక్కసారి మల్సున్ నోటి మీద పడ్డాయి.

"పిన్నీ, నీకు పుణ్యముంటుంది, నోరు ముయ్యి! వాడికి ఇంకో గెలుపు ఇప్పిస్తావా ఏంటి!"